మద్దెల నిజంగానే ఓడు

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. ఈ సామెతను 2022 వర్షాకాలంలో మా అమ్మాయి మీద నేను తక్కువలో తక్కువ పదిసార్లు ప్రయోగించి ఉంటాను. సామెతతో వచ్చిన చిక్కేమిటంటే, దాన్ని వాడినవాడికి సమస్య తేల్చేసినంత తృప్తి కలుగుతుంది. ఆ మద్దెలను ఒక్కసారి మనమూ వాయించి చూద్దామన్న ఆలోచన రాదు. దానికి చిల్లు పెట్టింది మనమేనేమోనన్న అనుమానం అసలే రాదు.

మా మియాపూర్ ఇంట్లో, వెనక బాల్కనీలో, బట్టలుతికే యంత్రం పక్కన, కుట్టుమిషను పెట్టెంత మరో యంత్రం ఉంటుంది. గాలిని 300 బార్ల దాకా నొక్కగలిగిన కంప్రెసరు అది. (తెలుగులో సంపీడన యంత్రం అనవచ్చేమో గాని, మా ఆవిడ పెట్టిన పేరు పూనకం. అది మొదలైతే కింది అంతస్తు వారికి కూడా ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది.) కారు చక్రంలో ఉండే గాలి రెండు బార్లకు అటూ ఇటూ. మా పూనకం ఇచ్చేది దానికి నూరు రెట్లకు పైమాటే. ఇంత యంత్రం ఒక గుమాస్తా కుటుంబం ఇంటికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తుంది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిపెట్టిన క్రీడ ఇదే. పది మీటర్ల దూరంలో గురి. దాని నడుమ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అంటే ఈ వాక్యం చివర పెట్టిన చుక్కంత. అరవై పెల్లెట్లు కాల్చాలి. ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 10.9 వస్తుంది కనుక మొత్తం 654. నూటికి తొంభైతొమ్మిది వస్తే పండగ చేసుకునే అలవాటున్న ఇళ్ళలో ఈ దశాంశాల లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆరు వందల ఇరవై దగ్గర ఉన్న పిల్లకూ, ఆరు వందల ఇరవై రెండు దగ్గర ఉన్న పిల్లకూ నడుమ ఒక జీవితకాలపు దూరం ఉంటుంది.

ఆ తుపాకీలో మందుగుండు ఉండదు. గొట్టం కింద గ్లాసెడు నీళ్ళు పట్టేంత సిలిండరు ఉంటుంది. మాది సుమారు 200 మిల్లీలీటర్లు. అందులో 200 బార్ల గాలి నింపుతారు. సిలిండరుకూ గొట్టానికీ నడుమ రెగ్యులేటరు అనే చిన్న భాగం ఒకటి కూర్చుని, లోపల 200 ఉన్నా 100 ఉన్నా సరే, కాల్చే గదికి మాత్రం ప్రతిసారీ ఒకే పీడనంతో గాలిని కొలిచి ఇస్తుంది. పెల్లెట్ ప్రతిసారీ ఒకే వేగంతో వెళ్ళడానికి మూలం అదే. మా కథలో అసలు పాత్ర కూడా అదే.

మొదట్లో శిక్షణ కేంద్రంలోని పెద్ద సిలిండరు నుంచే గాలి పట్టించుకునేవాళ్ళం. దాని తాళం ఒకరి దగ్గర ఉండేది. ఆయన రాని రోజున పిల్లలు ఉత్త తుపాకీతో గురి చూసుకుంటూ కూర్చునేవారు. ఆదివారం పొద్దున వరుసలో గంటసేపు నిలబడ్డ సందర్భాలున్నాయి. పోనీ చేతిపంపు కొన్నాను. అది మూడు దశల పంపు. చూడడానికి సైకిలు పంపులాగే ఉంటుంది గాని, 150 బార్లు దాటాక మనిషి బరువంతా వేసి నొక్కితే తప్ప దిగదు. నలభై ఎనిమిదేళ్ళ ఆడిటరు నడుముకు అది వారం రోజుల్లోనే సంజాయిషీ అడిగింది.

పంపు కొడుతూ ఆయాసపడినప్పుడల్లా కొవ్వూరులో మా పెదనాన్నగారి సైకిలు షాపు జ్ఞాపకం వచ్చేది. గంటకు పావలా అద్దె సైకిళ్ళు, బయట గోడకు ఆనించిన గాలి పంపు. రాత్రి షాపు మూసేముందు ఆయన పంపు విప్పి, లోపలి తోలు వాషరుకు రెండు చుక్కల నూనె రాసి, మళ్ళీ బిగించేవారు. రోజూ ఎందుకని అడిగితే, "గాలి ఊరికే వస్తుందనుకుంటార్రా జనం. గాలిని పట్టి ఉంచేది ఈ తోలుముక్క. దీనికి తిండి పెట్టకపోతే గాలి మన మాట వినదు" అనేవారు. పంపు కొట్టేటప్పుడు దాని అడుగు చెయ్యి కాలేంత వేడెక్కేది. అది రాపిడి వల్ల అనుకునేవాణ్ణి. చాలామటుకు అది నొక్కుడుపడ్డ గాలి వేడేనని తరవాత బడిలో తెలిసింది. తెలిసినదాన్ని అవసరానికి గుర్తు తెచ్చుకోవడం వేరే విద్య అని ఇంకా తరవాత తెలిసింది.

గాలి తుపాకీకి గాలి నింపుకునే కష్టం కొత్తదేమీ కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్డోని గాలి తుపాకీకి సిలిండరు నింపాలంటే సుమారు 1500 సార్లు పంపు కొట్టవలసి వచ్చేదని చెబుతారు. దాని తోలు వాషర్లు ఎండిపోతే గాలి కారిపోయేది కనుక వాటిని ఎప్పుడూ తడిగా ఉంచేవారట. ఆ రోజుల్లో తడి లేకపోతే తుపాకీ పాడయ్యేది. మా ఇంట్లో తడి వల్ల పాడయింది.

2022 జూన్‌లో కంప్రెసరు కొన్నాను. పేరున్న జర్మన్ యంత్రాల ధరలు లక్షల్లో ఉన్నాయి. వాటిని చూసి దండం పెట్టి పక్కకు జరిగాను. ఇక మిగిలినవి చైనా నుంచి వచ్చే చవక యంత్రాలు. ఒకే యంత్రం పది పేర్లతో, పది రంగుల్లో దొరుకుతుంది. లోపలి నిర్మాణం దాదాపు ఒకటే. ఒక మోటారు, రెండు దశల పిస్టన్లు. మొదటి పెద్ద పిస్టను గాలిని కొంత నొక్కి రెండవ చిన్న పిస్టనుకు అందిస్తే, అది తక్కిన పని పూర్తి చేస్తుంది. చుట్టూ చల్లదనానికి నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళు తోడడానికి బకెట్లో వేసే బుల్లి పంపు కూడా పెట్టెలోనే వస్తుంది. నాది నలభై వేల లోపే అయింది.

రెండు దశలెందుకని ఎవరైనా అడగవచ్చు. గాలిని వేడి బయటికి పోనివ్వకుండా ఒకేసారి 300 రెట్లు పీడనానికి నొక్కితే, లెక్క ప్రకారం దాని వేడి 1200 డిగ్రీలు దాటాలి. రెండు దశల్లో నొక్కి నడుమ చల్లారనిస్తే ఒక్కో దశలో 400 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నిప్పురవ్వ లేకుండా డీజిల్ ఇంజను మండేది ఇలా నొక్కుడుపడ్డ గాలి వేడితోనే. అందుచేత ఇలాంటి యంత్రంలో చల్లదనమూ, సరైన నూనే అలంకారాలు కావు. అవి లేకపోతే మన బాల్కనీలో కంప్రెసరు బదులు ఇంజను తయారవుతుంది.

అమ్మినతను ఒక మాట చెప్పాడు. "సార్, దీనితోపాటు బయట బిగించే పెద్ద ఫిల్టరు కూడా తీసుకోండి. తేమ పీల్చే గుళికలు ఉంటాయి. నాలుగు వేలు." యంత్రంతో వచ్చిన గొట్టంలో దూది పెట్టిన చిన్న ఫిల్టరు ఉండనే ఉందికదా అన్నాను. అది చాలదన్నాడు. అమ్మేవాడు చాలదనక చాలునంటాడా అనుకున్నాను. బ్యాంకుల లెక్కల్లో అనవసరపు ఖర్చులు పట్టడం నా వృత్తి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడిన ఘనతను ఆ సాయంకాలం సంపాదించాను.

మొదటి నెల వైభవంగా గడిచింది. చేతిపంపుతో గంట పట్టిన పని ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేది. విషయం తెలిసి మా అమ్మాయితోపాటు సాధన చేసే నలుగురు పిల్లల తల్లిదండ్రులు కూడా సిలిండర్లు పట్టుకొచ్చేవారు. డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. కాఫీ ఇచ్చి, గాలి నింపి, నీటి బకెట్లో చెయ్యిపెట్టి వేడి చూస్తూ, మనకు తెలియని విద్య లేదన్నట్టు నిలబడేవాణ్ణి. యంత్రం అడుగున రెండు మరలుంటాయి. ఐదు నిమిషాలకొకసారి వాటిని వదులు చేసి, లోపల చేరిన నీరూ నూనే కలిసిన తెల్లని మడ్డిని బయటికి వదలాలి. అచ్చం మజ్జిగలా ఉంటుంది. బాల్కనీ గోడ పాడవుతోందని ఇంట్లో కేకలేస్తే, ఆ మరలు విప్పడం తగ్గించాను. వాన మాత్రం తగ్గలేదు.

జూలై చివర మా అమ్మాయి మొదటిసారి అంది. "నాన్నా, రైఫిల్ ఒకలా లేదు."

"అంటే?"

"కాసేపు దింపి, విశ్రాంతి తీసుకుని మళ్ళీ ఎత్తితే మొదటిది పైకి పోతోంది. తరవాతవి బాగానే ఉంటున్నాయి."

శిక్షకుడుగారిని అడిగితే, విశ్రాంతి తరవాత శరీరం మళ్ళీ అదే భంగిమలో కుదురుకోకపోవడం వల్ల అలా జరుగుతుందన్నారు. పిల్లల్లో అది మామూలే. ఆయన తప్పు లేదు. నూటికి తొంభై సందర్భాల్లో కారణం అదే. ఇంటికొచ్చాక నేను సామెత చెప్పాను. ఆవిడ నవ్వింది. రెండవసారి చెప్పినప్పుడు నవ్వలేదు. ఆగస్టులో భంగిమ మార్చారు. ఊపిరి సాధన పెంచారు. పొద్దున ఐదింటికి లేచి, గోడకు ఎదురుగా, పెల్లెట్ లేని తుపాకీతో గంటసేపు నిలబడేది. నాలుగున్నర కిలోల పైచిలుకు బరువు. వెన్ను నొప్పి అంటే వేణ్ణీళ్ళ సంచి ఇచ్చాను గాని, తుపాకీ మాట మళ్ళీ ఎత్తితే మాత్రం నా దగ్గర మద్దెల సిద్ధంగా ఉండేది. కొన్నాళ్ళకు ఆ మాట ఎత్తడం మానేసింది. పట్టుదల వచ్చిందని సంతోషించాను.

ఆ తరవాత ఎంపిక పోటీలు జరిగాయి. తరవాతి మెట్టుకు వెళ్ళడానికి 1.3 పాయింట్లు తక్కువయ్యాయి. అరవై పెల్లెట్లలో 1.3. దారి పొడవునా కారులో మాట్లాడలేదు. ఇంటికొచ్చి తుపాకీని పెట్టెలో పెట్టి, గడియ వేసి, చాలా మామూలుగా అడిగింది. "నాన్నా, దీన్ని అమ్మేద్దామా? నా వల్ల కాదేమో. డబ్బులన్నా వస్తాయి."

ఆ తుపాకీకి చేసిన అప్పు ఇంకా తీరలేదని ఆవిడకు తెలుసునని నాకప్పుడే తెలిసింది.

వారం గడిచింది. ఒక రాత్రి నిద్రపట్టక ఆవిడ సాధన పుస్తకం తీశాను. రోజూ ఎన్ని కాల్చిందీ, ఎన్ని వచ్చిందీ రాసుకుంటారు. ఆగస్టు నుంచి అందులో, ఎవరూ చెప్పకుండా, రెండు గడులు కొత్తగా గీసుకుంది. ఒకటి 'ఆపిన నిమిషాలు', రెండవది 'మొదటిది ఎంత పైకి'. ఆపింది అర నిమిషమైతే తేడా లేదు. రెండు నిమిషాలైతే కొంచెం. ఐదు నిమిషాలైతే స్పష్టంగా పైకి. కుడికీ ఎడమకీ ఏమీ లేదు. ఎప్పుడూ పైకే. ఇరవై రెండు పుటలు. శరీరం తప్పు చేస్తే ఇంత క్రమశిక్షణతో చేయదు. ఇది యంత్రం చేసే తప్పు. ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి, మూడు నెలలుగా నా ఇంట్లో, నా పక్కగదిలో ఉన్న ఈ లెక్క తెరిచి చూడలేదు.

మర్నాడు వేగం కొలిచే పరికరం ముందు తుపాకీ పెట్టించాను. వరుసగా కాలిస్తే పెల్లెట్లు సెకనుకు 170, 171 మీటర్లు. ఐదు నిమిషాలు ఆపి కాలిస్తే 180. బడిలో చెప్పిన లెక్కే. పది మీటర్లు వెళ్ళేలోపు, 170 మీటర్ల వేగంతో వెళ్ళే పెల్లెట్ భూమ్యాకర్షణ వల్ల సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 180 మీటర్ల వేగంతో వెళితే 15 చిల్లర. తేడా 1.8 మిల్లీమీటర్లు. ఈ గురి మీద పావు మిల్లీమీటరుకు 0.1 పాయింటు. అంటే 10.5 రావలసినది అదే దిశలో జరిగితే 9.8 అవుతుంది. ఒక పోటీలో అలాంటి విరామాలు రెండు చాలు, 1.3 పోవడానికి.

తుపాకుల మరమ్మతు తెలిసినాయన రెగ్యులేటరు విప్పి, తెల్లగుడ్డ మీద పరిచాడు. పళ్ళేల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న స్ప్రింగుల మీద తుప్పు. కవాటం కూర్చునే చోట నూనె మరిగిన గోధుమరంగు జిడ్డు. కవాటం పూర్తిగా మూసుకోక, ఆగి ఉన్నంతసేపూ గాలి కొద్దికొద్దిగా అటు జారుతోంది. అందుకే ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ఎక్కువ పీడనం, అంత ఎక్కువ వేగం. ఆయన ఏమీ అనలేదు. గుడ్డ నా వైపు జరిపాడంతే.

కంప్రెసరును బాలానగర్‌లో ఒక పాత మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్ళాను. చూసి, "ఫిల్టర్ ఏది సార్?" అన్నాడు. చిన్నది చూపించాను. "గది దూది సార్. దూది నీళ్ళు తాగుతది, తాగినంక కక్కుతది" అన్నాడు. నాలుగు వేల రూపాయల మిగులు మీద నేను విన్న ఆడిట్ నివేదిక అంతే.

ఎంత నీరు? ఇంటికొచ్చి లెక్క వేశాను. వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మా సిలిండరు ఖాళీ నుంచి 200 బార్లకు నింపాలంటే 40 లీటర్ల బయటి గాలి కావాలి. అందులో నీరు దాదాపు ఒక గ్రాము. నొక్కుడుపడి, చల్లారి, గ్లాసంత చోటులో ఇరుక్కున్న గాలి ఆవిరిగా పట్టి ఉంచగలిగేది మాత్రం అందులో నూరోవంతే. తక్కినదంతా నీరై ఎక్కడో ఒకచోట దిగవలసిందే. యంత్రంలో దిగితే మరలు విప్పి వదలాలి. వదలకపోతే ఫిల్టరులో దిగాలి. ఫిల్టరు లేకపోతే మా అమ్మాయి భుజం మీద ఉన్న తుపాకీలో దిగాలి. గోడకు మజ్జిగ మరకలు పడకుండా నేను కాపాడిన నీరు అక్కడికి చేరింది.

ఆవిడకు చెప్పడానికి ఒక పూట పట్టింది. తెల్లగుడ్డ, వేగాల కాగితం, ఆవిడ పుస్తకం మూడూ భోజనాల బల్ల మీద పెట్టి, "తప్పు నీది కాదు తల్లీ, నాది. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. అరుస్తుందనుకున్నాను. కాగితం చాలాసేపు చూసింది. "చెప్పాను కదా నాన్నా" అంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తరవాత తలెత్తి అడిగింది. "మరి మిగతావాళ్ళ సిలిండర్లు?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు రాలేదు. వచ్చినా దాన్ని వాయిదా వేసేవాణ్ణేమో. నలుగురు పిల్లలు అదే గాలి నింపుకున్నారు. వాళ్ళలో ఎవరెవరికి ఎన్ని పాయింట్లు పోయాయో, ఎవరెవరు ఏయే సామెతలు విన్నారో నాకు తెలియదు. ఆ ఆదివారం నాలుగిళ్ళకూ వెళ్ళాను. ఉచితంగా ఇచ్చినవాడు క్షమాపణ చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు అనుభవమైంది. ఉపకారం చేశానన్న గర్వం ఒకటి గొంతులో అడ్డం పడుతుంది. ఇద్దరు పెద్దమనసుతో తీసుకున్నారు. ఒకాయన నవ్వేసి, మా వాడు నిజంగానే బద్ధకస్తుడులెండి అన్నాడు. పక్కనే నిలబడ్డ ఆ అబ్బాయి ముఖం చూసి, లేదండీ, వాడి మాట ఒకసారి వినండి అన్నాను. నాలుగో ఆయన తలుపు దగ్గరే విని, సరేనండి అని లోపలికి వెళ్ళాడు. ఇప్పటికీ పలకరింపు లేదు. పరీక్షల ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఒక అల్యూమినియం సిలిండరు లోపల తెల్లని పొడి కనబడింది. దాన్ని పక్కన పెట్టించి కొత్తది కొనిచ్చాను. నాలుగు వేలు మిగుల్చుకున్నవాడికి మొత్తం ఎంతయిందో ఇక్కడ రాయను. మా ఆవిడ ఈ పుట చదువుతుంది.

ఆ యంత్రాన్ని పారేయలేదు. చవక యంత్రం చెడ్డ యంత్రమేమీ కాదు. ఖరీదైన యంత్రం తన జాగ్రత్త తాను కొంతవరకు చూసుకుంటుంది. చవకది ఆ పని మనకు అప్పగిస్తుంది. ధరలో తగ్గిన మొత్తం మన శ్రద్ధ నుంచి వాయిదాల్లో వసూలు చేస్తుంది. అలాంటి యంత్రం కొనబోయేవారి కోసం, నేను డబ్బు కట్టి నేర్చుకున్నవి రాస్తున్నాను.

ఫిల్టరు ధరను యంత్రం ధరలో కలిపి లెక్కవేయండి. తేమ పీల్చే గుళికలూ, నూనె వాసన పట్టే బొగ్గూ ఉన్న గొట్టం ఉండాలి. గుళికలు రంగు మారినా, నానినా వెంటనే మార్చాలి. మరలు తెరిచి ఉంచి యంత్రాన్ని ఆన్ చేయాలి. అప్పుడు మోటారు బరువు లేకుండా తిరుగుతుంది. తరవాత బిగించాలి. ఐదేసి నిమిషాలకు మడ్డి వదలాలి. దానికొక సీసా పెట్టుకుంటే గోడ గొడవ ఉండదు. (ఈ ఉపాయం మూడు నెలలు ముందు తట్టి ఉంటే ఈ టపా ఉండేది కాదు.) ఆపాక పీడనమంతా వదిలి, గడియారపు ముల్లు సున్నా మీదికి వచ్చిందని చూసి, అప్పుడే గొట్టం విప్పాలి.

నూనె విషయంలో పొరపాటు ప్రాణాంతకం. కంప్రెసరుకు చెప్పిన నూనే పోయాలి, కారు ఇంజను నూనె కాదు. గాజుకన్నులో గీత దాటి పోస్తే ఎక్కువైనది పిస్టను దాటి గాలిలోకి వస్తుంది. కొత్తలో మొదటి నూనెను త్వరగా మార్చాలి. అరిగిన లోహపు రజను అందులో మెరుస్తూ కనిపిస్తుంది. ఆ తరవాత నల్లబడినప్పుడల్లా మార్చాలి. తుపాకీ వైపు రబ్బరు ఉంగరాలకు సిలికాన్ గ్రీజు తప్ప మరే నూనే తగలకూడదు. అంత పీడనంలో మామూలు నూనె అంటుకోవచ్చు. మా పెదనాన్నగారి రెండు చుక్కలు ఇక్కడ పనికిరావు. ఆయన పద్ధతి మాత్రం పనికొస్తుంది.

చల్లబరిచే నీళ్ళకు మా బోరు నీరు వాడితే లోపలి దారుల్లో సున్నం పేరుకుంది. ఇప్పుడు ఏసీ నుంచి కారే నీటిని పట్టి వాడుతున్నాను. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్ళే నలభై డిగ్రీలుంటాయి. అప్పుడు గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒకటి బకెట్లో వేస్తాను. వేడి చూపే అంకె అరవై దాటితే పని ఆపి, చల్లారనిస్తాను. పీడనం హద్దు మీరితే తనే పగిలి మనల్ని కాపాడే రాగి బిళ్ళ ఒకటి ఉంటుంది. అది పదేపదే పగులుతోందని రెండు బిళ్ళలు కలిపి బిగించేవాళ్ళున్నారు. అది ఇంట్లో కాపలావాణ్ణి గదిలో పెట్టి తాళం వేయడం. సిలిండరు మీద చెక్కిన గడువు తేదీ కూడా చూసుకోవాలి. పోటీ తుపాకుల సిలిండర్లకు తయారీదారులు సాధారణంగా పదేళ్ళు గడువిస్తారు. ఆ తరవాత అది ఎంత మెరుస్తున్నా పనికిరాదు.

మా అమ్మాయి మళ్ళీ తుపాకీ పట్టింది. ఆ సంవత్సరపు ఎంపిక మాత్రం తిరిగి రాలేదు. తరవాతి పోటీల్లో బాగా చేసినవీ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి. చేయనప్పుడు తనే వచ్చి, "ఈసారి నేనే నాన్నా, రైఫిల్ బాగానే ఉంది" అని చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం ఊరట, కొంచెం సిగ్గు. తన తప్పు తనదని అంత తేలిగ్గా చెప్పగలిగే పిల్ల, తనది కాదని చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

కంప్రెసరు పక్కన మేకుకు ఒక పుస్తకం వేలాడుతుంది. తేదీ, నడిచిన నిమిషాలు, నూనె, గుళికలు, వేడి అని గడులు నేను గీశాను. చివరి గడి ఆవిడ చేర్చింది. నింపిన ప్రతిసారీ వేగం కొలవలేం కనుక, వారానికొకసారి ఐదు నిమిషాలు ఆపి కాల్చి చూసి, అందులో తనే రాస్తుంది. ఆ గడికి పెట్టిన పేరు 'మద్దెల'. నిన్న దాని కింద 'బాగుంది' అని ఉంది.